మబ్బు వంతు

పొద్దు పొడవకముందే ఉస్మాన్ సాబ్ ముళ్లకంచె వెంబడి ఒక చుట్టు తిరిగి వస్తాడు. ఎక్కడైనా తీగ వదులైతే మెలిపెట్టి బిగిస్తాడు. ‘లోపల లోతు బావి ఉన్నది, రారాదు’ అని తెలుగులో, ఉర్దూలో, కన్నడంలో తనే రాసి కట్టిన బోర్డుల మీద దుమ్ము తుడుస్తాడు. చదువు రానివాళ్ల కోసం బావిలో పడుతున్న మనిషి బొమ్మ కూడా గీశాడు. ఆ మనిషి ఎగురుతున్నాడని ఊరి పిల్లలు అనుకుంటున్నట్టు తెలిసిన రోజు ఆయనకు అన్నం సయించలేదు. వెంటనే బొమ్మ చెరిపి, ఈసారి తల కిందికి, కాళ్లు పైకి పెట్టి మళ్లీ గీశాడు.

జొన్నగిరి దాటినాక ఎర్రమిట్ట మీద ఉన్న ఆ చోటిని జనం బంగారు బాయి అంటారు. ఒక కంపెనీ బంగారం కోసం తవ్వింది. కొన్నేళ్లు మోటార్లు రేయింబగళ్లు నీళ్లు తోడాయి. తవ్వినదానికి తగ్గ బంగారం రాలేదు. డెబ్బైల చివర ఒకనాడు మోటార్లు ఆపేసి ఇంజనీర్లు పెట్టెలు సర్దుకొని పోయారు. మిగిలింది పాతాళానికి దిగిన బావి, తవ్విపోసిన మట్టిదిబ్బ, బావి మీద తుప్పు పట్టిన ఇనుప మంచె. వీటన్నిటికీ కాపలా ఉస్మాన్ సాబ్.

మోటార్లు ఆగిన ఏడాదే బావిలో నీళ్లు ఊరి, ఆ చల్లదనానికి అడుగున ఒక మబ్బు పుట్టింది. మొదట్లో కుందేలంత ఉండేది. ఇప్పుడు గడ్డివామంత అయింది. పొద్దున్నే బావిలోంచి లేచి, అంచు మీద కాసేపు ఒళ్లు విరుచుకొని, మెల్లగా గేటు దగ్గరికి వచ్చి నిలబడుతుంది. కంపెనీ కాలంలో షిఫ్టు గంటగా వాడిన రైలుపట్టా ముక్క ఇంకా గేటుకు వేలాడుతూనే ఉంది. ఉస్మాన్ సాబ్ దాని మీద ఇనుప కమ్మీతో కొట్టి ఆ రోజు ఎవరిదో కేక వేస్తాడు.

“ఈ పొద్దు వంతు మారెప్పదీ!”

మబ్బు మారెప్ప టమోటా మడి మీదికి పోయి, మధ్యాహ్నం దాకా సన్నగా జల్లు కురిసి, సాయంత్రానికి చిక్కిపోయి ఇంటికి వస్తుంది. కౌతాళం దిక్కు కాలవ నీళ్లకు వంతులున్నట్టే ఇక్కడ మబ్బుకు వంతులు. ఇంటికొక వంతు. చేను ఉన్నా లేకున్నా వంతు వంతే. కృపమ్మకు సెంటు భూమి లేదు, కూలికి పోయి బతుకుతుంది. ఆమె వంతు నాడు పెరట్లో కుండలు, చెంబులు, గంగాళం పరిచి నీళ్లు పట్టుకుంటుంది. ఆ నీళ్లతో తలంటుకుంటే వెంట్రుకలు పట్టులా జారతాయని పక్క ఊళ్ల ఆడవాళ్లు కూడా వచ్చి ఒక చెంబు అడిగి పట్టుకుపోతారు.

తకరారంతా దుర్గప్పతోనే. పత్తి చేను, టమోటా తోట, పెద్ద గొంతు ఉన్న మనిషి.

“సాబన్నా, పోయిన తూరి నా వంతు నాడు గాలి ఎక్కువాయె. సగం మబ్బు మారెప్ప చేలోకి పాయె. ఆ సగం నాకు ఈ పొద్దు రావాల.”

“గాలికి నేనేం జేసేది దుర్గప్పా? గాలికి కంచె ఏసేదానికి నా కాడ తీగ సాలదు.”

“అయితే మారెప్పను అడుగు. నా సగం వాని కాడ ఉండాది.”

“నా టమోటాలు పిండుకో పో, వస్తాది,” అన్నాడు మారెప్ప.

ఉస్మాన్ సాబ్ భార్య మహమూదా బీ, ముగ్గురు పిల్లలు ఆదోనిలో ఉంటారు. మిట్ట దగ్గర బడి ఐదో తరగతితో ఆగిపోతుంది కాబట్టి వాళ్లను అక్కడ పెట్టాడు. గురువారం సాయంత్రం బస్సెక్కి పోతాడు. శుక్రవారం నమాజు చేసుకొని, పిల్లల చెవులు, పళ్లు, చెప్పుల వార్లు అన్నీ చూసుకొని, మరునాడు తెల్లవారి బస్సుకు తిరిగి వస్తాడు. శుక్రవారం మబ్బుకు సెలవు. అది బావిలోనే పడుకుంటుంది. మారెప్ప గేటు దగ్గర కూర్చుంటాడు.

మిగతా రోజులన్నీ ఆయన పిల్లలను దూరం నుంచే పెంచుతాడు. ఆదోని బస్సు కండక్టరు ఇమాం సాబ్ చేతిలో రోజూ ఒక కబురు పెడతాడు. రైలుగేటు దగ్గర రెండు పక్కలా చూడమను. నీళ్లు కాచి తాగమను. చిన్నదానికి దగ్గు తగ్గిందేమో కనుక్కొని రా. ఇమాం సాబ్ ఈ కబుర్లు మోసి మోసి విసిగిపోయి, ఒకరోజు టికెట్ల సంచి చంకన పెట్టుకొని చేతులు జోడించాడు.

“భాయ్, పిల్లోళ్ల గోళ్లు కూడా నేనే కత్తిరించి వస్తా. నువ్వు నిమ్మళంగా ఉండు.”

“నీ కాడ ఉండేది టికెట్లు చించే చెయ్యి. గోళ్లు కత్తిరించేదానికి పనికిరాదు,” అన్నాడు ఉస్మాన్ సాబ్, నవ్వకుండా.

ఆ మాఘమాసంలో ఒక శుక్రవారం, అన్నాల దగ్గర, పెద్ద కూతురు జమీలా చల్లగా చెప్పింది. కర్నూలులో నర్సు ట్రైనింగుకు తనకు సీటు వచ్చింది. ఉగాది పోయినాక చేరాలి. హాస్టల్లో ఉండాలి.

“కర్నూలా?” అన్నాడు ఉస్మాన్ సాబ్. ఆ ఒక్క మాట అనేలోపల ఆయన తలలో బస్సు టైరు పేలింది. తుంగభద్ర పొంగింది. హాస్టలు అన్నంలో రాయి కూతురి పంటి కింద పడింది.

“బస్సు ఎమ్మిగనూరు మీద పోవాల. ఆ రోడ్డున లారీలు...”

“అబ్బా, ఎమ్మిగనూరు రోడ్డు గీత గీసినట్టు తిన్నగా ఉంటాది,” అని తండ్రికి సర్దిచెప్పింది జమీలా.

“తిన్నగా ఉంటే ఇంకా జోరుగా వస్తారు.”

జమీలా నవ్వు ఆపుకోవడానికి నీళ్లు తాగింది. మహమూదా బీ నవ్వలేదు.

“ఔననేది కాదనేది చెప్పు. పిల్ల మూడు రాత్రులుగా నిద్రపోలేదు.”

“చూద్దాం. బాయి కాడికి తనిఖీ వస్తాండారు. అది అయిపోనీ.”

“నీ ‘చూద్దాం’లన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటే ఈ పాటికి రెండంతస్తుల మాడీ ఇల్లు లేచేది,” అంది మహమూదా బీ, ఆయన పళ్లెంలో ఇంకొంచెం అన్నం పెడుతూ.

తనిఖీ సంగతి మాత్రం నిజమే. గాలిని, నీళ్లను, మన్నును పాడు చేయరాదని కొత్త చట్టం వచ్చింది. నడిచే మిల్లులనే కాదు, మూతబడిన గనులను కూడా వదలకుండా చూడాలని పైనుంచి ఆర్డరు. వచ్చే శనివారం ఇన్‌స్పెక్టరు బంగారు బాయి చూడడానికి వస్తున్నాడని కబురు అందింది.

ఊరంతా గేటు దగ్గర చేరింది. ముందుగా దుర్గప్పే మాట్లాడాడు.

“సాబన్నా, మబ్బును సూసినారంటే బాయిలోంచి ఏదో బయటికి వస్తాందని రాసుకుంటారు. బాయి మూసేమంటారు. ఆ ఒక్క పూటకి దాన్ని యాడన్నా దాసిపెడదాం.”

“దాచను. అడిగితే చెప్తా.”

“అడక్కపోతే?”

“అడగమని చెప్తా.”

“నీ అసుమంటోన్ని కాపలా పెట్టిన కంపెనీని అనాల,” అన్నాడు దుర్గప్ప.

“అబద్ధం ఆడొద్దని పిల్లోళ్లకు చెప్పి చెప్పి నా నోరు అరిగిపోయింది దుర్గప్పా. ఇప్పుడు నేనే ఆడితే వాళ్లకు ఏ మొహంతో చెప్పేది?”

“వాళ్లు ఆదోనిలో ఉండారు కదా. యాడ తెలుస్తాది?”

“ఇమాం సాబ్ చెప్తాడు,” అంది కృపమ్మ. అందరూ నవ్వారు. మాట అక్కడితో ఆగింది. ఆగిందని ఉస్మాన్ సాబ్ అనుకున్నాడు.

శనివారం తెల్లవారింది. తనిఖీ ఉందని ఆ వారం ఆయన ఆదోనికి పోలేదు. ఫజర్ నమాజు ముగించుకొని బావి దగ్గరికి వస్తే మబ్బు లేదు. గేటు దగ్గరా లేదు, దిబ్బ వెనకా లేదు. బావి అంచు పట్టుకొని లోపలికి వంగి పిలిచాడు. నీళ్ల మీద తన గొంతే తిరిగి వచ్చింది. జ్వరమా? పోయిన వారం నర్సుల సంగతి విన్నప్పటినుంచి ఆయనకు అందరికీ జ్వరమే అనిపిస్తోంది. ఆ గాబరాలో ఉండగానే జీపు వచ్చి ఆగింది.

దిగిన ఇన్‌స్పెక్టరు పేరు నరసన్న. ఎమ్మిగనూరు మనిషి. పొడుగ్గా, సన్నగా, మెడ చుట్టూ తమ ఊరి మగ్గం తువ్వాలుతో ఉన్నాడు. భుజాన సీసాలు గలగలలాడే సంచి. వచ్చీ రాగానే గేటు బందును ఊపి చూశాడు. కంచె వెంబడి ప్రతి రాతికూసాన్నీ తట్టాడు. దిబ్బ ఎక్కి, దాని మన్ను వానకు కరిగి చేలల్లోకి పోతోందేమో అని అంచు అంచూ తిరిగాడు. తాడు కట్టిన సీసాను బావిలోకి వదిలి నీళ్లు తీసి, రంగు కాగితం ముంచి, ఎండకు పట్టి చూశాడు. ఏదీ మాటతో నమ్మలేదు, ఏదీ చేత్తో ముట్టకుండా వదల్లేదు. ఇన్నాళ్లకు తనలాంటి మనిషి ఒకడు దొరికినందుకు ఉస్మాన్ సాబ్ గాబరాలో కూడా మురిసిపోయాడు.

“ఆ మూల తీగ ఒకటి వదులుగా ఉంది సాబ్,” అన్నాడు నరసన్న.

“ఇందాకనే చూసినా సార్. మీరొచ్చినప్పుడు బిగిస్తా ఉంటే, మీ కోసమే చేస్తాండానని అనుకుంటారని ఆపినా.”

నరసన్న తన మెడలోని తువ్వాలు తీసి చెమట తుడుచుకోమని ఇచ్చాడు. తరువాత అడిగాడు. “బావిలోంచి బయటికి వచ్చేది ఏమన్నా ఉందా? పొగ గానీ, వాసన గానీ?”

గేటు బయట దుర్గప్ప గట్టిగా దగ్గాడు.

“ఉండాది సార్. మబ్బు ఒకటి. దినామూ వస్తాది. ఈ పొద్దే రాలేదు. నా పానమంతా దాని మీదే ఉండాది.”

అప్పుడే గేటు బయట ఉరిమింది. పెద్ద ఉరుము కాదు, ఆకలేసిన కడుపు గుర్రుమన్నట్టు ఉరిమింది. అక్కడున్నది దుర్గప్ప ఎద్దులబండి. ఆదోని మిల్లుకు పోవాల్సిన పత్తి దాని నిండా ఎత్తుగా నింపి, పైన పట్టా కప్పి ఉంది. బండి కింద నేల తడిసి ఎర్రగా మెరుస్తోంది.

“అదేంది?” అన్నాడు నరసన్న.

“పత్తి సార్.”

“ఉరుముతాంది?”

“మేలు రకం సార్,” అన్నాడు దుర్గప్ప.

ఉస్మాన్ సాబ్ గొంతు విన్నదేమో, పట్టా ఒక పక్కకు జారింది. పత్తిని తోసుకుంటూ మబ్బు పైకి లేచింది. ఒళ్లంతా దూది అంటుకొని, సంతలో తప్పిపోయి దొరికిన పిల్లలాగా నేరుగా ఆయన దగ్గరికి వచ్చేసింది. సాబ్ నమాజులో ఉన్నప్పుడు మారెప్ప ఆయన గొంతు పెట్టి మెల్లగా పిలిచాడని, మబ్బు నమ్మి వెంట పోయిందని తరువాత తెలిసింది. ఉస్మాన్ సాబ్ చేతికందినంత మేర దూది దులుపుతూ దాన్నే కోప్పడ్డాడు.

“ఎవరు పిలిస్తే వాళ్లెంట పోతావా? ఎన్నిసార్లు చెప్పినా నీకు?”

“ఈ తడి పత్తి ఆదోనికి తీసుకపో దుర్గప్పా,” అంది కృపమ్మ. “తూకం కోసం నీళ్లు సల్లినావని మిల్లుకాడ కట్టేసి కొడతారు.”

నరసన్న మబ్బు చుట్టూ తిరిగి చూశాడు. “మా మేనత్త ఇంట్లో మగ్గం గుంతలో ఒకటి ఉండేది. పిల్లి అంత. అది ఉన్నన్నాళ్లు నూలు తెగలేదు,” అన్నాడు. “అయితే అది ఇంటిది. ఇది గనిది. దీన్ని పొగ కింద రాయాలా, నీళ్ల కింద రాయాలా అన్నదే నాకు తేలడం లేదు.” సీసా మూత తీసి పైకి పట్టాడు. మబ్బు సిగ్గుపడుతూ కొన్ని చుక్కలు రాల్చింది. కాగితం ముంచి చూసి, మిగిలినవి నోట్లో పోసుకున్నాడు. “తియ్యగా ఉన్నాయి. మబ్బుతో తకరారు లేదు సాబ్. తకరారు బావితో. కంచె ఎంత గట్టిదైనా ఇంత లోతు బావి నోరు తెరిచి ఉండకూడదు. కంపెనీ సిమెంటు పలక పోసి మూయాల.”

అందరూ ఉస్మాన్ సాబ్ వంక చూశారు. దుర్గప్ప గేటు మీదినుంచే అరిచాడు. “సందు! ఒక సందు వదలమను సాబన్నా! మబ్బు దూరేంత!”

“మీరు చెప్పండి,” అన్నాడు నరసన్న. “ఇన్నేండ్లు చూసుకున్నది మీరు. సందు వదలమంటారా?”

ఉస్మాన్ సాబ్ బావి వైపు తిరిగాడు. రాత్రిళ్లు ఎన్నిసార్లు ఈ నోటి గురించి లేచి కూర్చున్నాడో ఆయనకే తెలుసు. ఎవరి పిల్లో, ఎవరి మేకపిల్లో. మబ్బు ఆయన భుజం మీద చల్లగా ఆనుకొని ఉంది.

“వద్దు సార్,” అన్నాడు. “మబ్బు దూరే సందులో పిల్లోళ్లు కూడా దూరతారు.”

దిబ్బ మీద కానుగ, వేప నాటి, అవి నిలదొక్కుకునేదాకా కాపలా మనిషిని ఉంచాలని కూడా నరసన్న రాసి పోయాడు. కాబట్టి ఉస్మాన్ సాబ్ కొలువుకు భయం లేదు. అయినా ఊళ్లో ఎవరూ ఆయనతో సరిగా మాట్లాడలేదు. దుర్గప్ప పత్తి ఆరబెట్టుకుంటూ, దారిన పోయే ప్రతివాడికీ ఆ కథ చెప్పి, చివర ఒక నిట్టూర్పు విడిచేవాడు.

ఉగాది వచ్చింది. కైరుప్పలలో పిడకలతో కొట్టుకునే పండగ అయిపోయింది. ఆ దినాల్లో ఉస్మాన్ సాబ్ మబ్బును ఎప్పుడూ ఆ దిక్కుకు పోనిచ్చేవాడు కాదు, పిడకలు తడుస్తాయని. పండగ మరుసటి వారం కంపెనీ మేస్త్రీలు సిమెంటు, కమ్మీలు తెచ్చారు. బావి నోటి మీద కమ్మీలు పరిచి చట్రం కట్టారు. పలక పోసే రోజు చూడడానికి నరసన్న కూడా వచ్చాడు.

మబ్బు ఆ పొద్దున బావిలోంచి వచ్చింది గానీ కదలలేదు. చట్రం అంచు మీదే కూర్చుంది. ఊరివాళ్లు తలొక చోటు చెప్పారు. కృపమ్మ తన ఇంటి ముందరి ఖాళీ పాతర చూపించింది. దుర్గప్ప సిగ్గులేకుండా పత్తి కొట్టం ఇస్తానన్నాడు. మేనత్త మగ్గం గుంత ఇప్పటికీ ఖాళీగానే ఉందని, కానీ ఇంత పెద్దది పట్టదని నరసన్న బాధపడ్డాడు. మబ్బు ఎవరి మాటా వినలేదు.

ఆ సందట్లో బస్సు వచ్చింది. మహమూదా బీ, జమీలా దిగారు. వాళ్ల వెనక ఇమాం సాబ్ ఒక రేకు పెట్టె దించాడు.

“ఇదేంది?” అన్నాడు ఉస్మాన్ సాబ్.

“పెట్టె,” అంది మహమూదా బీ.

“పెట్టె అని కనపడతాంది. ఎందుకు?”

“చూద్దాం అంటివి కదా. చూస్తావని తెచ్చినా. రేపు పిల్ల కర్నూలులో ఉండాల. ఇదే బస్సు ఆదోనికి తిరిగి పోతాది. ఆడినుంచి ఎమ్మిగనూరు మీద కర్నూలుకు పోతాది. ఔననేది కాదనేది ఈడనే చెప్పు, అందరి ముందర.”

ఉస్మాన్ సాబ్ పెట్టె తాళం లాగి చూశాడు. గట్టిగానే ఉంది. “హాస్టలు మేడ మీద అంటాండారు. మెట్లు...” అన్నాడు. “నీళ్లు ఎట్లుంటాయో. ఒక్కదానివే. పడితే ఎత్తేవాళ్లు ఎవరు?”

జమీలా బావి వైపు చెయ్యి చూపింది. “అబ్బా, ఇంత పెద్ద గుంత పక్కన పెంచినావు నన్ను. నడక కూడా ఈ కంచె కూసాలు పట్టుకునే నేర్చుకున్నా. ఒక్కసారన్నా పడితినా?”

ఆయన మళ్లీ పెట్టె తాళం లాగి చూస్తుండగా మేస్త్రీ కేక వేశాడు. “సాబ్, మబ్బును లెయ్యమనండి. అదుంటే సిమెంటు ఆరదు.”

మబ్బు కదలాలంటే ఒకటే దారి. వంతు పిలవాలి. ఈసారి పిలిస్తే తిరిగి రావడానికి బావి ఉండదు. ఎవరి పేరు పిలిస్తే వాళ్లతోనే మబ్బు ఉండిపోతుంది. ఆ సంగతి అందరికీ తెలుసు కాబట్టే అందరూ వచ్చారు. వరస ప్రకారం ఆ రోజు వంతు దుర్గప్పది. అందుకే ఆయన పెళ్లికి పోతున్నట్టు ఉతికిన చొక్కా వేసుకొని, తల దువ్వుకొని, అందరికంటే ముందు నిలబడ్డాడు.

ఉస్మాన్ సాబ్ కమ్మీ అందుకొని గేటు దగ్గరికి నడిచాడు. వరస తప్పడం ఆయనకు చేతకాదు. దుర్గప్ప పేరు నోటిదాకా వచ్చింది.

“సాబన్నా, ఆగు,” అంది కృపమ్మ. “ఇంటికొక వంతు అంటివి కదా. నీ ఇంటి వంతు ఎన్నడు పిలిస్తివి?”

“నాకు చేను లేదు కదక్కా.”

“నాకుండాదా?”

జనం ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. మారెప్ప తల గోక్కున్నాడు. ఎంత వెనక్కి పోయి తలచుకున్నా ఉస్మాన్ సాబ్ వంతు అన్న కేక ఎవరి చెవుల్లోనూ లేదు.

“ఇంతకాలం గుర్తు రాలేదా నీకు? నా చొక్కా చూసినాకనే గుర్తొచ్చెనా?” అన్నాడు దుర్గప్ప కృపమ్మతో. తరువాత పెట్టెను చూశాడు, పెట్టె పక్కన జమీలాను చూశాడు. చిన్నప్పుడు ఆ పిల్ల మబ్బు వెంట పరుగెత్తుకుంటూ తన టమోటా మడులు తొక్కి పారేసేది. ఎన్నిసార్లు తరిమాడో. తరిమి, మళ్లీ ఒళ్లో టమోటాలు పోసి పంపించేవాడు. ఆయన గొంతు ఎప్పుడూ లేనంత తగ్గింది.

“పిలుచుకో సాబన్నా. నీది నువ్వు పిలుచుకో. అయితే ఒక మాట. ఎండాకాలం సెలవులకు పిల్ల ఈడికే రావాల. ఆదోనిలో దిగి ఆడనే ఉండిపోతే నేనొప్పుకోను. పంచాయితీ పెడతా.”

“వస్తా దుర్గప్పమామా,” అంది జమీలా.

కమ్మీ ఉస్మాన్ సాబ్ చేతిలోనే ఉంది. ఆయన తలలో మళ్లీ టైరు పేలబోయింది, తుంగభద్ర పొంగబోయింది. అప్పుడు చట్రం వైపు చూశాడు. ఇన్నేళ్లు కాపలా కాసిన నోరు మూతపడుతోంది. అందులో ఎవరూ పడలేదు. ఒక్క మేకపిల్ల కూడా పడలేదు. పుట్టింది మాత్రం ఒకటి పుట్టింది, ఎదిగింది, దినామూ పోయి వచ్చింది.

రైలుపట్టా మీద కొట్టాడు. మిట్టంతా మోగింది. మబ్బు తలెత్తింది.

“ఈ పొద్దు వంతు...”

మహమూదా బీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“జమీలాదీ!”

మబ్బు చట్రం మీదినుంచి లేచి, మేస్త్రీల తలల మీదుగా, నరసన్న తువ్వాలు తడుపుతూ వచ్చి జమీలా నెత్తిన నిలబడింది. వెనక సిమెంటు బొచ్చెలు చప్పుడు చేశాయి. నరసన్న ఎవరూ చూడకుండా తువ్వాలుతో కళ్లు కూడా తుడుచుకున్నాడు. ఎట్లాగూ తడిసే ఉంది కాబట్టి ఎవరికీ తెలియలేదు.

బస్సు దగ్గర గొడవ మొదలైంది. ఇమాం సాబ్ తల పైకెత్తి చూశాడు. “టాపు మీద ఉండేది ఎవరిది?”

“నాది,” అంది జమీలా.

“లగేజీనా, మనిషా?”

“టాపు మీద ఉండాది కాబట్టి లగేజీనే,” అన్నాడు ఒక ముసలాయన కిటికీలోంచి.

“పిలిస్తే పలుకుతాది కాబట్టి మనిషే,” అంది గంప పట్టుకున్న ఒకామె.

ఇమాం సాబ్ ఇద్దరి మాటా కాదనలేక అర టికెట్టు చించాడు.

ఉస్మాన్ సాబ్ కిటికీ పట్టుకొని నిలబడ్డాడు. కూతురికి చెప్పాల్సినవి గొంతు నిండా ఉన్నాయి. చెప్పులు, నీళ్లు, మెట్లు, అన్నంలో రాళ్లు. చివరికి ఆమెను వదిలేసి తల పైకెత్తాడు.

“ఏయ్, ఎమ్మిగనూరు రోడ్డులో జోరుగా పోతారు. గట్టిగా పట్టుకో. తెలియనోళ్లు పిలిస్తే పోవద్దు.”

బస్సు కదిలింది. ఎర్రదుమ్ము లేవలేదు. చక్రాల వెంట సన్నటి జల్లు పడుతూ పోయింది, దారి పొడుగునా తడి గీత గీసినట్టు.

ఆ ఏడంతా కబుర్లు ఇటునుంచి పోవడం తగ్గి, అటునుంచి రావడం ఎక్కువైంది. అన్నీ ఇమాం సాబ్ నోటిమీదే. హాస్టల్లో యూనిఫారాలు ఆరడం లేదని పెద్ద నర్సమ్మ రుసరుసలాడుతోందట. ఎండలు ముదిరినాక ఆమే మనసు మార్చుకొని, జ్వరాల వార్డు కిటికీ దగ్గర మబ్బుకు చోటు చూపించిందట. కాన్పు అయిన ఆడవాళ్లు మంచం ఆ పక్కకు జరపమని అడుగుతున్నారట. అన్నంలో రాళ్లు లేవట. ఉస్మాన్ సాబ్ ఈ చివరిది రెండుసార్లు చెప్పించుకున్నాడు.

మిట్ట మీద కానుగ మొక్కలకు ఆయన కుండలతో నీళ్లు మోశాడు. దుర్గప్ప టమోటా మానేసి కొర్ర వేశాడు. తిట్టుకుంటూనే వేశాడు.

మరుసటి ఎండాకాలం, రాళ్లు పేలే ఎండలో, ఊరంతా బస్సు ఆగేచోట నిలబడింది. ఆడవాళ్లు కుండలు తెచ్చుకున్నారు. దుర్గప్ప తన మనవరాలిని కూడా చెయ్యి పట్టుకొని తెచ్చాడు. దూరాన దుమ్ము లేవకుండా ఒక బస్సు వస్తోందని మొదట కనిపెట్టింది కృపమ్మే. దగ్గరికి వచ్చేసరికి బస్సు టాపు తడిసి తళతళలాడుతోంది. పైన మబ్బు, అప్పటికంటే కొంచెం ఒళ్లు చేసి ఉంది.

జమీలా దిగింది. జడ కొసలనుంచి నీళ్లు కారుతున్నాయి. ఉస్మాన్ సాబ్ భుజం మీది తువ్వాలు తీసి కూతురి తల తుడవడం మొదలుపెట్టాడు. “జలుబు చేస్తాది,” అని మాత్రం గొణిగాడు.

“అబ్బా, నేను నర్సును,” అంది జమీలా తువ్వాలు కిందినుంచి.

తల తుడవడం అయిందాకా దుర్గప్ప ఓపిక పట్టాడు. తరువాత మనవరాలిని ముందుకు తోసి, మబ్బు వంక ఒక కన్ను వేసి, గొంతు సవరించుకున్నాడు.

“సాబన్నా, ఇది ఐదో తరగతి పాసాయె. ఈడ పై తరగతులు లేవు, ఆదోనికి పంపాల. ఆ పైన కర్నూలు. ఆడపిల్లను అంత దూరం... ఏమంటావ్?”

‘చూద్దాం’ అనే మాట అలవాటుగా ఉస్మాన్ సాబ్ నాలుక చివరికి వచ్చింది. మహమూదా బీ ఆయననే చూస్తోంది. ఆయన తువ్వాలు పిండి, దులిపి, భుజాన వేసుకున్నాడు.

“పంపు దుర్గప్పా,” అన్నాడు. “చెప్పులు మాత్రం గట్టివి కొనియ్యి.”